డ్యూటీ అప్పగించడం, అర్ధరాత్రి డాక్టర్‌కి ఫోన్ చేయడం: కొత్త స్టాఫ్ నర్సులు ఎలా చేయాలి

కొత్తగా వార్డులో చేరిన స్టాఫ్ నర్సులు, ఇంటర్న్‌షిప్‌లో ఉన్న బీఎస్సీ, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలు ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. మొదటిది హ్యాండోవర్, అంటే షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లని తర్వాతి నర్సుకి అప్పగించడం గురించి. "హ్యాండోవర్‌లో ఏం చెప్పాలి మేడం? ఎంత చెప్పినా ఏదో ఒకటి వదిలేశానని సీనియర్లు అంటున్నారు." రెండోది, "రాత్రిపూట డాక్టర్‌కి ఫోన్ చేయాలంటే టెన్షన్. ఎలా మొదలుపెట్టాలి?"

ప్రొఫెషనలిజం గురించి కాలేజీలో ఒక యూనిట్ చదివే ఉంటారు. యూనిఫాం, ముడి వేసిన జుట్టు, కత్తిరించిన గోళ్ళు, మెల్లగా మాట్లాడటం, ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారు. అవి కావాల్సినవే, కాదనను. కానీ మీరు ఎలాంటి నర్సో వార్డుకి తెలిసేది ఈ రెండు చోట్లే. మీరు చెప్పిన మాట మీద ఎదుటి మనిషి మళ్ళీ వెతుక్కోకుండా పని చేయగలగాలి. అందుకే ఇక్కడ హ్యాండోవర్, ఫోన్ గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతావి క్లుప్తంగా.

ఇది జనరల్ వార్డు కోసం. ఐసీయూకి, లేబర్ రూమ్‌కి, ఆపరేషన్ థియేటర్‌కి సొంత షీట్లు, సొంత పద్ధతులు ఉంటాయి. మీ ఆసుపత్రి రాతపూర్వక పాలసీ ఇక్కడ చెప్పినదానికి తేడాగా ఉంటే పాలసీనే పాటించండి.

దగ్గర ఉండాల్సినవి

- సెకన్ల ముల్లున్న వాచీ. శ్వాస లెక్కపెట్టడానికి ఫోన్ తీస్తే చేతులు మళ్ళీ కడుక్కోవాలి. పైగా చూసేవాళ్ళకి మీరు వాట్సాప్ చూస్తున్నట్టే ఉంటుంది.
- జేబులో పట్టే చిన్న నోట్‌బుక్. విడి చీటీలు వద్దు, అవి ఎక్కడో పడిపోతాయి. పేషెంట్ పేరు, జబ్బు ఉన్న కాగితం క్యాంటీన్ బల్ల మీద దొరకకూడదు. రాసుకున్న పేజీని డ్యూటీ దిగేటప్పుడు చదవడానికి వీల్లేకుండా చించి వార్డులోనే పారేయండి.
- నీలం లేదా నల్ల పెన్ను, ఒకటి అదనంగా. డాక్టర్ తీసుకుని మర్చిపోయే పెన్ను అదే.
- నంబర్ల పట్టిక. హౌస్ సర్జన్ (ఇంటర్న్ డాక్టర్) లేదా డ్యూటీ డాక్టర్, పీజీ (స్పెషలిస్ట్ కోర్సు చదువుతున్న డాక్టర్), ఆ రోజు యూనిట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ లేదా కన్సల్టెంట్, నైట్ సూపర్‌వైజర్, బ్లడ్ బ్యాంక్, ల్యాబ్, సెక్యూరిటీ. మీ ఫోన్‌లో ఉంటే చాలదు, నర్సింగ్ స్టేషన్ గోడ మీద కూడా ఉండాలి.
- పదిహేను నిమిషాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాచోట్ల షిఫ్టులు ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. ఎనిమిదింటి డ్యూటీ అంటే 7:45కి యూనిఫాంలో వార్డులో ఉండటం. 8:05కి బస్సు దిగి పరిగెత్తుకొచ్చే మనిషికి ఎవరూ సరిగా హ్యాండోవర్ ఇవ్వరు, ఇచ్చినా ఆ ఆయాసంలో తలకెక్కదు.

మొదటి భాగం: హ్యాండోవర్

1. ఇచ్చేవాళ్ళు అరగంట ముందే సిద్ధం కావాలి. చివరి వైటల్స్ (బీపీ, పల్స్, శ్వాస, టెంపరేచర్, సాచురేషన్ అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం), ఇన్‌టేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్ళిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) మొత్తం, ఇచ్చిన మందులకు సంతకాలు పూర్తిచేయండి. హ్యాండోవర్ ఇస్తూ మధ్యలో "ఆగు, ఇది సంతకం పెట్టడం మర్చిపోయాను" అంటే వినేవాళ్ళకి మీ మిగతా చార్ట్ మీద కూడా నమ్మకం పోతుంది.

2. బెడ్ నంబర్ వరసలో మొదలుపెట్టొద్దు. ముందు స్టేషన్ దగ్గర నిలబడి, "ఇవాళ కన్నేసి ఉంచాల్సినవాళ్ళు ముగ్గురు, 7, 15, 22" అని చెప్పండి. తర్వాత బెడ్ల వెంట వరసగా వెళ్ళండి. 1 నుంచి మొదలుపెడితే 22కి వచ్చేసరికి ఇద్దరికీ ఓపిక అయిపోతుంది, అసలు సీరియస్ మనిషి గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తారు.

3. ఒక్కో పేషెంట్ గురించి ఈ వరస తప్పకండి: ఎవరు, ఎందుకు చేరారు, వెనకాల ఏ జబ్బులు, అలెర్జీలు ఉన్నాయి, ఇప్పుడెలా ఉన్నారు, ఇంకా ఏం చేయాలి. పుస్తకాల్లో ఐస్‌బార్ (ISBAR) అని చదివింది ఇదే. తేడా ఎలా ఉంటుందో చూడండి.

వార్డుల్లో రోజూ వినిపించేది: "7 న్యుమోనియా, యాంటీబయాటిక్స్ నడుస్తున్నాయి, వైటల్స్ స్టేబుల్. 8 రేపు డిశ్చార్జ్. 9 సేమ్."

కావాల్సింది, ఇంటిపేరుతో సహా పేరు, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) చెప్పాక: "62 ఏళ్ళు. నిన్న మధ్యాహ్నం న్యుమోనియాతో చేరారు. షుగర్ ఉంది. సల్ఫా మందులు పడవని కొడుకు చెప్పాడు, కేస్ షీట్ మీద రాశాం. సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము సాయంత్రం 6కి ఇచ్చాను. మధ్యాహ్నం 2కి శ్వాస 22 ఉంది, ఇప్పుడు 26. సాచురేషన్ 94 నుంచి 92కి వచ్చింది. రెండింటి నుంచి మూత్రం 150 మి.లీ. మాత్రమే. 7 గంటలకు పీజీ గారికి చెప్పాను, ఎక్స్‌రే మళ్ళీ తీయమన్నారు, ఇంకా తీయలేదు. ఈయన మీద నాకు అనుమానంగానే ఉంది, గంటకోసారి చూడు."

రెండోది చెప్పడానికి ముప్పావు నిమిషం పడుతుంది. అందులో ముఖ్యమైనది అంకె కాదు, అంకె ఎటు నడుస్తోందన్నది. 26 అని ఒక్కటే చెబితే వినేవాళ్ళకి అది అలవాటైన అంకె. 22 నుంచి 26 అంటే చెవి నిక్కబొడుచుకుంటుంది. "అనుమానంగా ఉంది" అనడానికి కూడా మొహమాటపడొద్దు. ఆరు గంటలు ఆ మనిషిని చూసింది మీరే.

4. పేషెంట్ దగ్గరికి వెళ్ళి, ఇద్దరూ కళ్ళతో చూడండి, చేత్తో ముట్టుకుని చూడండి. కాన్యులా (సెలైన్, ఇంజెక్షన్ల కోసం నరంలో పెట్టిన చిన్న గొట్టం) దగ్గర వాపు, ఎరుపు ఉన్నాయా, దాని మీద తేదీ ఉందా. సెలైన్ బాటిల్‌లో కలిపిన మందు పేరు రాసి ఉందా, పంపు మీది రేటు, ఆర్డర్‌లోని రేటు ఒకటేనా. యూరోబ్యాగ్ (మూత్రం సంచి) నేల మీద పడుందా. ఐసీడీ (ఛాతీలో పెట్టిన డ్రెయిన్ గొట్టం) ఉంటే గొట్టంలో నీరు శ్వాసతో పాటు పైకీ కిందకీ ఆడుతోందా, బాటిల్ ఛాతీ కంటే కిందే ఉందా. కదల్లేని పేషెంట్‌ని ఒక పక్కకి తిప్పి నడుము కింద చర్మం చూడండి. పుండు మీ షిఫ్టులో పడిందా, అంతకుముందే ఉందా అనే గొడవ ఇక్కడితో తీరిపోతుంది.

హెచ్చరిక: బెడ్ పక్కన అన్నీ మాట్లాడొద్దు. జనరల్ వార్డులో పక్క బెడ్ అటెండెంట్లకి పాము చెవులు. హెచ్ఐవీ, అబార్షన్, విషం తాగిన కేసు, పోలీసు కేసు లాంటివి స్టేషన్ దగ్గరే చెప్పుకోండి. హెచ్ఐవీ విషయంలో ఇది మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. పేషెంట్ అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. చట్టం ఒప్పుకునే మినహాయింపులు కొద్దే. కేస్ షీట్ అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాయడం, మంచానికి బోర్డు తగిలించడం ఇంకా కొన్నిచోట్ల జరుగుతోంది. మీ వార్డులో ఉంటే ఇన్‌ఛార్జ్‌కి చెప్పి తీయించండి. గ్లవ్స్, సూదుల జాగ్రత్త అందరు పేషెంట్లకీ ఒకటే అయినప్పుడు ఆ బోర్డుతో వచ్చే లాభం ఏమీ లేదు.

5. మనిషిని గుర్తుపట్టడం మీ నోటితో కాదు, వాళ్ళ నోటితో. "మీరు లక్ష్మి గారేనా?" అని అడిగితే చెవులు సరిగా వినపడని పెద్దామె "ఆ, ఆ" అంటుంది. పైగా మన వార్డుల్లో ఎప్పుడు చూసినా ముగ్గురు లక్ష్ములు ఉంటారు. "అమ్మా, మీ పేరు, ఇంటిపేరు చెప్పండి" అని అడిగి, చేతి బ్యాండ్ మీది ఐపీ నంబర్‌తో పోల్చుకోండి. బెడ్ నంబర్ గుర్తింపు కాదు, మంచాలు మారుతూనే ఉంటాయి.

మాట ఎత్తాం కాబట్టి ఒకటి చెప్పాలి. పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మిమ్మల్ని "నువ్వు" అంటారు, అది వాళ్ళ చనువు. తిరిగి మీరు "మీరు" అనే అనాలి. పేయింగ్ రూమ్‌లో "సార్, మీరు" అని, జనరల్ వార్డులో "ఏయ్ ముసలమ్మా, ఇటు తిరుగు" అనే నర్సుని వార్డంతా గమనిస్తుంది. పెద్దమ్మా, బాబాయ్, అన్నా, మీ ఊళ్ళో వాడుకలో ఉన్న వరస ఏదైనా సరే, క్రియ దగ్గర "అండి" ఉండాలి.

6. మిగిలిపోయిన పనులు విడిగా చెప్పండి. రావాల్సిన ల్యాబ్ రిపోర్టులు, బ్లడ్ బ్యాంక్‌లో రిజర్వ్ చేసిన రక్తం, రేపటి ఆపరేషన్‌కి కన్సెంట్ సంతకం అయిందా లేదా, ఎప్పటి నుంచి నోటితో ఏమీ ఇవ్వకూడదు, ఆరోగ్యశ్రీ పేషెంట్ అయితే ఆరోగ్యమిత్రకి ఇవ్వాల్సిన కాగితాల్లో ఏవి ఆగాయి. "అడ్వైజ్ చేశారు" అనే మాట ఇక్కడ పనికిరాదు. పంపారా, లేదా? పంపితే శాంపిల్ ఎన్నింటికి వెళ్ళింది?

7. తీసుకునేవాళ్ళు తిరిగి చెప్పాలి. వరసంతా అక్కర్లేదు, సీరియస్ వాళ్ళు ఎవరు, ఎన్నింటికి ఏం చేయాలి అన్నంత వరకు. "7కి గంటకోసారి వైటల్స్, ఎక్స్‌రే తీయించాలి. 15కి పదింటికి షుగర్. 22కి పన్నెండు తర్వాత నోటితో ఏమీ ఇవ్వకూడదు." ఇది మీ తెలివికి పరీక్ష అనుకోవద్దు. వినడంలో తేడా వస్తే ఇక్కడే దొరుకుతుంది.

8. సామాన్లు లెక్క చూసుకుని సంతకం పెట్టండి. ఎమర్జెన్సీ ట్రాలీ, లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా, సక్షన్ పీల్చుతోందా, సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంత ఉంది. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి ఉంటే ఇద్దరూ కలిసి యాంప్యూల్స్ లెక్కపెట్టి రిజిస్టర్‌తో పోల్చాలి, తాళం చేతి నుంచి చేతికి మారాలి. లెక్క తేలకపోతే దిగిపోయే నర్సు దిగకూడదు. అది మీ బెస్ట్ ఫ్రెండ్ అయినా సరే.

టైం లేని రోజు ఏం చేయాలి? ముగ్గురు అడ్మిషన్లు ఒకేసారి వచ్చినప్పుడు ఎనిమిది మెట్లూ కుదరవు. అప్పుడు 2, 4, 8 వదలకండి. మిగతా పేషెంట్ల సంగతి కేస్ షీట్ తెరిచి చూపిస్తూ చెప్పేయండి.

రెండో భాగం: డాక్టర్‌కి ఫోన్

అదే 7వ బెడ్. రాత్రి 1:20. పెద్దాయన మంచం మీద లేచి కూర్చుని ఆయాసపడుతున్నారు.

హెచ్చరిక: పేషెంట్ శ్వాస ఆగినా, నాడి దొరకకపోయినా ఈ మెట్లేవీ వద్దు. గట్టిగా కేకవేసి మనుషుల్ని పిలవండి, ఎమర్జెన్సీ కోడ్ చెప్పించండి, సీపీఆర్ మొదలుపెట్టండి. ఫోన్ వేరేవాళ్ళు చేస్తారు.

9. ఫోన్ తీయకముందు ఆరు అంకెలు చేతిలో ఉండాలి: బీపీ, పల్స్, శ్వాస, సాచురేషన్, టెంపరేచర్, షుగర్. కేస్ షీట్, ట్రీట్‌మెంట్ షీట్ ముందు తెరిచి పెట్టుకోండి. అలెర్జీ ఏముందో, ఐవీ లైన్ పనిచేస్తోందో చూసుకోండి. ఇది ఇద్దరి పని. ఒకరు పేషెంట్ దగ్గర ఉండాలి, రెండోవాళ్ళు ఫోన్ చేయాలి.

10. చెప్పే వరస హ్యాండోవర్ వరసే, కాకపోతే మొదటి వాక్యంలోనే అసలు సంగతి రావాలి. 

ఇలా వద్దు: "సర్, 7వ బెడ్ పేషెంట్‌కి బాగాలేదు సర్, ఒకసారి రండి సర్." ఆయన "బీపీ ఎంత?" అంటారు. మీరు "చూసి చెప్తాను సర్" అంటారు. విసుగు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఇలా చెప్పండి: "సర్, మేల్ మెడికల్ వార్డ్ నుంచి స్టాఫ్ నర్స్‌ని," అని మీ పేరు చెప్పి, "7వ బెడ్ పేషెంట్‌కి ఆయాసం పెరిగింది, బీపీ పడిపోయింది. 62 ఏళ్ళు, న్యుమోనియాతో చేరారు, డయాబెటిక్, సెఫ్ట్రియాక్సోన్ మీద ఉన్నారు. ఇప్పుడు బీపీ 86/54, పల్స్ 118, శ్వాస 32, సాచురేషన్ 88, టెంపరేచర్ 101.6, షుగర్ 214. రాత్రి 8 నుంచి మూత్రం 60 మి.లీ. మాత్రమే. కొడుకుని గుర్తుపట్టడం లేదు. సెప్సిస్ వైపు వెళ్తున్నారేమోనని నా అనుమానం. మాస్క్‌తో ఆక్సిజన్ 6 లీటర్లు పెట్టాను, లైన్ పనిచేస్తోంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సర్. ఈలోగా ఫ్లూయిడ్ మొదలుపెట్టమంటారా, ఎంత?"

సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి. జబ్బు పేరు చెప్పడం మన పని కాదు కదా అని కొందరు అడుగుతారు. నిర్ధారించడం మన పని కాదు, నిజమే. అనుమానం చెప్పడం మన పనే. "మీరు వచ్చి చూడాలి" అన్న వాక్యం మాత్రం ఎప్పుడూ వదలకండి. సగం ఫోన్లలో అదే ఉండదు. నర్సు సమాచారం ఇచ్చానని అనుకుంటుంది, డాక్టర్ తెలియజేశారులే అనుకుని మళ్ళీ పడుకుంటారు.

11. ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే తిరిగి చదివి వినిపించండి. ఫోన్ ఆర్డర్ ఎమర్జెన్సీలో మాత్రమే, ఊరికే సౌకర్యం కోసం కాదు. వీలైతే ఇంకో నర్సుని కూడా విననివ్వండి. మందు పేరు, డోసు, ఏ దారిలో, ఎంత సేపట్లో అని నాలుగూ చెప్పాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి, కాబట్టి "పదిహేను సర్, ఒకటి ఐదు" అని విడదీసి చెప్పండి. డోపమిన్, డోబుటమిన్ లాంటి జంటలు వస్తే పేరు మళ్ళీ అడగండి. వెంటనే ట్రీట్‌మెంట్ షీట్‌లో టైం, డాక్టర్ పేరు, ఫోన్ ఆర్డర్ అని రాసి సంతకం పెట్టండి. డాక్టర్ వచ్చాక వాళ్ళ సంతకం తీసుకోండి. ఎంతలోగా అన్నది మీ ఆసుపత్రి పాలసీలో ఉంటుంది.

12. ఆర్డర్ మీద అనుమానం వస్తే ఇవ్వకండి, అడగండి. పొటాషియం క్లోరైడ్‌ని సిరంజిలో లాగి నేరుగా ఐవీలో ఇవ్వడం ఏ పరిస్థితిలోనూ కుదరదు, ఎవరు చెప్పినా సరే. గుండె ఆగిపోతుంది. అది ఎప్పుడూ పలచన చేసి, నెమ్మదిగానే వెళ్ళాలి. ఇన్సులిన్ దగ్గర కూడా ఆగి చూడండి. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్లుండే వయల్స్ ఉంటాయి, 100 యూనిట్లవీ ఉంటాయి. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి ఆరెంజ్ మూత సిరంజి. ఒకదానికి ఇంకోటి వాడితే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. అడిగే తీరు ఇలా ఉండొచ్చు: "సర్, ఈ డోసు నేను ఎప్పుడూ ఇవ్వలేదు. ఒకసారి కన్ఫర్మ్ చేస్తారా?" అప్పటికీ తేలకపోతే, "సర్, ఇది ఇవ్వడం నాకు సేఫ్ అనిపించడం లేదు, పీజీ గారిని కూడా అడుగుతాను" అనండి.

13. రాకపోతే పై మెట్టు ఎక్కండి. ఇలాంటి బీపీకి పది నిమిషాలు చూసి మళ్ళీ చేయండి. అప్పటికీ రాకపోతే పీజీ, తర్వాత యూనిట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ లేదా కన్సల్టెంట్, దాంతో పాటే నైట్ సూపర్‌వైజర్. పైవాళ్ళకి చేసేముందు కిందవాళ్ళకి ఒక మాట చెప్పండి: "సర్, బీపీ ఇంకా పడుతోంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ గారికి చెబుతున్నాను." చాలాసార్లు ఈ మాటతోనే లిఫ్ట్ తలుపు తెరుచుకుంటుంది.

తిడితే? తిరిగి తిట్టొద్దు, ఏడుస్తూ ఫోన్ పెట్టేయొద్దు. అంకె దగ్గరికి లాక్కురండి. "సర్, అది పొద్దున మాట్లాడుకుందాం. ఇప్పుడు బీపీ 86 ఉంది. మీరు వస్తున్నారా?" మర్నాడు ఆ మాటల గురించి ఇన్‌ఛార్జ్‌కి చెప్పడం మీ హక్కు, చెప్పండి. అర్ధరాత్రి మాత్రం పేషెంట్ సంగతే.

మూడో భాగం: రాత

14. చేసిన తర్వాతే రాయండి, చేయబోయేది రాయొద్దు. ఆరింటి మందుకి ఐదింటికే సంతకాలు పెట్టేయడం చాలా వార్డుల్లో ఉన్న దురలవాటు. 5:30కి పేషెంట్ చనిపోతే ఆ సంతకానికి సమాధానం లేదు.

"పేషెంట్ కంఫర్టబుల్, వైటల్స్ స్టేబుల్" అనే వాక్యానికి అర్థం ఏమీ లేదు. ఇలా రాయండి: "1:15, ఆయాసం. బీపీ 86/54, పల్స్ 118, శ్వాస 32, సాచురేషన్ 88. 1:20, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను, వస్తానన్నారు. 1:32, మళ్ళీ ఫోన్ చేశాను, ఎత్తలేదు. 1:34, పీజీకి తెలియజేశాను. 1:45, పీజీ వచ్చి చూశారు." డాక్టర్ నిర్లక్ష్యం అని రాయొద్దు. టైములు చాలు, చదివేవాళ్ళకి అర్థమవుతుంది.

తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, టైం వేయండి. వైట్‌నర్, దిద్దుడు, కాగితం చింపడం వద్దేవద్దు. పోలీసు కేసుల్లో ఆ కాగితం కోర్టుకి వెళ్తుంది. ఏదైనా రాయడం మర్చిపోతే ఖాళీలో ఇరికించకండి. ఇప్పటి టైం వేసి, ఆలస్యంగా రాస్తున్నానని చెప్పి, ఎన్నింటికి జరిగిందో రాయండి.

15. మందు తప్పు పడితే ముందు పేషెంట్, తర్వాత మీ భయం. నడుస్తున్నది ఆపండి, లైన్ తీసేయకండి. వైటల్స్ చూసి డాక్టర్‌కి, ఇన్‌ఛార్జ్‌కి అప్పుడే చెప్పండి. యాంప్యూల్, సిరంజి పారేయకండి. కేస్ షీట్‌లో జరిగింది మాత్రమే: ఏ మందు, ఎంత, ఎన్నింటికి, తర్వాత ఏం చేశారు. ఇన్సిడెంట్ రిపోర్ట్ విడి కాగితం, కేస్ షీట్‌లో పెట్టేది కాదు. దాచిన తప్పుని ఏ ఇన్‌ఛార్జ్ కూడా కాపాడలేదు. చెప్పిన తప్పుకి కనీసం మీ పక్కన నిలబడే మనిషి దొరుకుతుంది.

అటెండెంట్లు, డబ్బు, ఫోన్

ఇవి త్వరగా చెప్పేస్తాను. 

"మా నాన్న బతుకుతాడా సిస్టర్?" అని అడిగితే జబ్బు సంగతి, మరణవార్త డాక్టర్ నోటి నుంచే రావాలి. "నాకు తెలీదు, డాక్టర్‌ని అడుక్కో" అనకండి. "ఆక్సిజన్ పెట్టాం, గంటకోసారి చూస్తున్నాను. మిగతావి డాక్టర్ గారు వచ్చాక మీతో మాట్లాడిస్తాను" అనండి, అన్నాక నిజంగా మాట్లాడించండి. గొడవ ముదిరితే ఒంటరిగా ఉండొద్దు, తలుపు వైపు నిలబడండి, వాదించకుండా సెక్యూరిటీని పిలవండి. వైద్య సిబ్బంది మీద దాడిని నేరంగా పరిగణించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచే ఉంది. ఫిర్యాదు ఆసుపత్రి తరఫున పెట్టించండి.

మగపిల్లాడు పుట్టాడని చేతిలో నోట్లు పెడితే, "వద్దండి, పాపాయి ఖర్చులకి ఉంచుకోండి" అని నవ్వుతూ అందరి ముందే తిరిగి ఇచ్చేయండి. పక్కకి పిలిచి ఇస్తే పక్కకి వెళ్ళకండి. స్వీట్ బాక్స్ స్టేషన్ బల్ల మీద పెట్టి అందరూ తింటే నాకైతే అభ్యంతరం కనిపించదు. కొన్ని ఆసుపత్రులు అదీ ఒప్పుకోవు, కనుక్కోండి.

గాయం ఫొటో డాక్టర్‌కి పంపాల్సి వస్తే పేషెంట్‌ని అడిగి, ముఖం, పేరు కనపడకుండా తీసి, ఆ ఒక్క డాక్టర్‌కే పంపి, గ్యాలరీలోంచి తీసేయండి. వార్డు గ్రూపులో వేయొద్దు. యూనిఫాంలో రీల్స్ తీసుకోవాలనుంటే వెనకాల మంచం, మానిటర్, కేస్ షీట్ లేని చోట, డ్యూటీ అయ్యాక, అదీ ఆసుపత్రి ఒప్పుకుంటేనే.

ఎక్కువగా జరిగే తప్పులు

- శ్వాస లెక్కపెట్టకుండా రాయడం. టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్ట్‌లో అందరికీ 20 ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం. పరిస్థితి దిగజారేటప్పుడు తరచుగా ముందు మారేది అదే. పల్స్ పట్టుకున్నట్టే చేయి పట్టుకుని, పేషెంట్‌కి చెప్పకుండా పూర్తి నిమిషం లెక్కపెట్టండి. చెబితే వాళ్ళు శ్వాస మార్చేస్తారు.
- మూత్రం "పాస్డ్" అని వదిలేయడం. పెద్దవాళ్ళకి కిలోకి గంటకి కనీసం అర మి.లీ. ఉండాలి. 60 కిలోల మనిషికి ఆరు గంటల్లో 180. మన 7వ బెడ్ సంగతి సాయంత్రమే కనిపించింది.
- జ్ఞాపకం మీద హ్యాండోవర్ ఇవ్వడం. రాత్రంతా మేలుకున్న బుర్రని నమ్మకండి, కేస్ షీట్ తెరవండి.
- రిలీవర్ (తర్వాతి షిఫ్టు నర్సు) రాకముందే దిగిపోయి ఫోన్‌లో హ్యాండోవర్ ఇవ్వడం. ఇది మాత్రం క్షమించరానిది. రిలీవర్ రాకపోతే ఇన్‌ఛార్జ్‌కి, సూపర్‌వైజర్‌కి చెప్పండి, ఇంకో నర్సు బాధ్యత తీసుకునే వరకు వార్డు వదలకండి. ఎంత ఎక్కువసేపు ఉన్నారో రిజిస్టర్‌లో రాయించుకోండి.
- హ్యాండోవర్ మధ్యలో పాత షిఫ్టు మీద వ్యాఖ్యలు. "వాళ్ళెప్పుడూ ఇంతే" అనేది పేషెంట్ పక్కన నిలబడి అంటే అటెండెంట్లకి అది పొద్దున ఫిర్యాదుకి సరుకు.

సరిగా చేస్తున్నారో లేదో చూసుకోవడం

అన్నిటికంటే తేలికైన పరీక్ష ఒకటుంది. మీరు ఇంటికెళ్ళాక వార్డు నుంచి ఫోన్ వస్తోందా? "ఆ ఇంజెక్షన్ ఇచ్చావా?" "రక్తం శాంపిల్ పంపావా?" అని వస్తే ఆ సంగతి మీ హ్యాండోవర్‌లో లేదు, మీ రాతలోనూ లేదు. ఏ ప్రశ్న వచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి, పేషెంట్ పేరు లేకుండా. నెల తిరిగేసరికి మీరు మాటిమాటికీ వదిలేసేది ఏదో బయటపడుతుంది. చాలామందికి అది 6వ మెట్టే, మిగిలిపోయిన పనులు.

ఫోన్ విషయంలో, మీరు మాట్లాడాక డాక్టర్ అడిగిన ప్రశ్నలు లెక్కపెట్టండి. రెండు దాటితే 9వ మెట్టు సరిగా కాలేదు. మొదట్లో స్టేషన్‌లో ఒక కాగితం మీద వరస రాసి పెట్టుకుని చూసి చదివినా తప్పు లేదు, ఫోన్ అవతల ఎవరికీ కనపడదు.

రాత కోసం, వారం క్రితం మీరు రాసిన నర్సెస్ నోట్స్ ఒకటి తీయండి. ఆ రాత్రి డ్యూటీలో లేని స్నేహితురాలికి ఇచ్చి, "ఈ పేషెంట్‌కి ఏమైంది, ఎవరికి ఎన్నింటికి చెప్పారు?" అని అడగండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా ఆమె చెప్పగలిగితే సరిపోయింది. ఈ పని మాత్రం వార్డులోనే, కేస్ షీట్ దగ్గరే చేయండి. ఫొటో తీసి పంపొద్దు.